ఖాళీ డిస్క్ వేగం ఎవరికి కావాలి?

కొత్త ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఇంటికి తెచ్చిన సాయంత్రం, కాస్తో కూస్తో కంప్యూటర్ తెలిసినవాళ్లు తప్పకుండా చేసే పని ఒకటుంది. పెట్టె విప్పి, కేబుల్ తగిలించి, డిస్క్ వేగం కొలిచే బెంచ్‌మార్క్ ప్రోగ్రామ్ క్రిస్టల్ డిస్క్ మార్క్ నడుపుతారు. ఐదు నిమిషాలు గడవక ముందే సెకనుకు 135 ఎంబీ చదువుతోంది, 130 ఎంబీ రాస్తోంది అని తేలుతుంది. దాన్ని ఫొటో తీసి ఫ్రెండ్స్ గ్రూపులో పెడితే నలుగురు బొటనవేళ్లు లేపుతారు. కొలత అక్కడితో సరి. ఆ తర్వాత డిస్క్ పోయేదాకా దాని వేగం సంగతి ఎవరికీ పట్టదు.

ఆ కొలత దాదాపు ఎందుకూ కొరగాదని నా వాదన. వచ్చిన అంకె అబద్ధమని అనడం లేదు. నిజమే, కానీ ఆ డిస్క్ బతుకులో అంతకన్నా మంచి రోజు మళ్లీ రాదు. డిస్క్ మొత్తం ఖాళీ. రాసేది ఒకే ఒక్క జీబీ, అదీ వరసగా. మనకు దానితో నిజంగా అవసరం పడేది ఎప్పుడు? ముప్పావు వంతు నిండాక, తెల్లారేసరికి ఎవరికో డేటా ఇవ్వాల్సి ఉండగా, వందల జీబీ ఒక్క విడతలో ఎక్కించాల్సి వచ్చినప్పుడు. కొలిస్తే ఆ గంటని కొలవాలి.

నాకీ పట్టింపు రావడానికి కారణం మా బావమరిది. తెనాలిలో వాడికి పెళ్లి వీడియోల స్టూడియో ఉంది. రా ఫుటేజ్, అంటే ఎడిట్ చేయని వీడియో, కావాలంటే హార్డ్ డిస్క్ మీరే తెచ్చుకోండి అని పెళ్లివాళ్లకి చెప్పడం ఇప్పుడు స్టూడియోల్లో మామూలైపోయింది. ఒక పెళ్లికి మూడు కెమెరాలు, ఒక్కోటి ఐదు గంటలు నడిచిందనుకుందాం. మొత్తం 15 గంటల వీడియో. 4కే వీడియోని సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే గంటకు 45 జీబీ అవుతుంది. అంటే ఒక్క పెళ్లికి 675 జీబీ. స్క్రీన్‌షాట్‌లో కనబడ్డ 130 ప్రకారమైతే గంటన్నరలో కాపీ అయిపోవాలి. మాఘమాసం ముహూర్తాల్లో ఒక రాత్రి వాడు కాపీ పెట్టి పడుకుని, పొద్దున్నే లేచి చూస్తే సగం పైచిలుకు అయింది, అంతే. నాకు ఫోన్ చేశాడు.

"బావా, ఇది డూప్లికేట్ డిస్క్ అనుకుంటా. మొదట 120 చూపించింది, ఇప్పుడు 14 చూపిస్తోంది."

"ఎంత నిండి ఉందిరా?"

"వాళ్లు ఇంట్లో వాడుకునేదే తెచ్చారు. సగం వాళ్ల సినిమాలే. తీసేవి తీసి, పెట్టేవి పెట్టి ఇచ్చారు."

"డిస్క్‌లో దోషం లేదు. ఆ రకం డిస్కులు అంతే."

"అంతే అంటే పెళ్లికూతురు నాన్న ఊరుకుంటాడా!"

ఊరుకోడు. ఆయన చేతిలో ఉన్న పెట్టె మీద సెకనుకు 5 గిగాబిట్లు అని రాసి ఉంది మరి. దాన్ని 8తో భాగిస్తే 625 ఎంబీ. అది డిస్క్ వేగం కాదు, యూఎస్‌బీ 3.0 తీగ మీద సంకేతాలు నడిచే వేగం. అందులోనూ ప్రతి 8 బిట్ల డేటాకి 10 బిట్లు పంపాలని ఆ పద్ధతిలో నియమం ఉంది కాబట్టి డేటాకి మిగిలేది 500 ఎంబీ. మిగతా ఖర్చులన్నీ పోను 400 పైన వస్తే గొప్ప. లోపల తిరిగే డిస్క్ ఇవ్వగలిగింది మాత్రం అందులో మూడో వంతు కూడా ఉండదు. పోర్టబుల్ డిస్క్ అమ్మేవాళ్లు తీగ వేగాన్ని పెద్ద అక్షరాల్లో వేసి, డిస్క్ అసలు వేగాన్ని చాలాసార్లు ఎక్కడా వేయరు. ముప్పావు వంతు నిండిన డిస్క్ మీద ఆగకుండా రాస్తే ఎంత వస్తుందో పెట్టె మీద వేయమని చట్టం చేస్తే నేను సంతోషిస్తాను. అది వచ్చేలోపు మనమే కొలుచుకోవాలి.

కొలిచే ముందు లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలియాలి. పోర్టబుల్ హార్డ్ డిస్కుల్లో డేటా ఉండే పళ్లెం సాధారణంగా నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 90 చుట్లు, చుట్టుకు సుమారు 11 మిల్లీసెకన్లు. దాన్ని చదివే, రాసే హెడ్ బయటి అంచు మీదున్నా లోపలి అంచు మీదున్నా ఈ 11 మిల్లీసెకన్లు మారదు. కానీ బయటి చుట్టు పొడవు ఎక్కువ, అందులో పట్టే డేటా ఎక్కువ. అందుకని బయటి అంచున సెకనుకు 130 ఎంబీ ఇచ్చే డిస్క్, లోపలి అంచుకి వెళ్లేసరికి దాదాపు సగానికి, 65 ప్రాంతానికి దిగుతుంది. డిస్క్ నింపడం బయటి అంచు నుంచే మొదలవుతుంది. కొత్త డిస్క్ మీద బెంచ్‌మార్క్ నడిపితే అది కొలిచేది ఆ బయటి అంచునే. పాడైనందుకు కాదు, నిండుతున్నందుకే డిస్క్ నెమ్మదిస్తుంది. ఈ సంగతి తెలియక మంచి డిస్కులని అనుమానించేవాళ్లు చాలామంది.

లైనక్స్‌లో హెచ్‌డీపార్మ్ అనే కమాండ్ ఉంది. దానికి చిన్న 'టీ' ఇస్తే మూడు సెకన్లపాటు డిస్క్ మొదటి నుంచి చదివి ఎంత వచ్చిందో చెబుతుంది. మొదలు అంటే మళ్లీ ఆ బయటి అంచే. పెద్ద 'టీ' ఇస్తే డిస్క్‌ని అసలు ముట్టుకోకుండా ర్యామ్ నుంచి చదివి సెకనుకు కొన్ని వేల ఎంబీ అని చూపిస్తుంది. ఆ రెండోదాన్ని హార్డ్ డిస్క్ వేగంగా చూపించి మురిసిపోయినవాళ్లని నేను కళ్లారా చూశాను. అదే కమాండ్‌కి ఎన్నో జీబీ నుంచి చదవాలో చెప్పే వీలు కూడా ఉంది. డిస్క్ చివరి జీబీలు చదివించి చూడండి, మీ డిస్క్ అసలు పరిధి తెలుస్తుంది.

ఇక్కడ కాస్త పక్కకి వెళతాను. 1956లో ఐబీఎం తెచ్చిన రామాక్ మొదటి వాణిజ్య హార్డ్ డిస్క్. 24 అంగుళాల పళ్లేలు 50, నిమిషానికి 1,200 చుట్లు, పట్టేది 50 లక్షల అక్షరాలు. చదివే వేగం సెకనుకు 8,800 అక్షరాలు. హెడ్ అటూ ఇటూ తిరగడానికి పట్టే సమయం వదిలేసి లెక్కేస్తే మొత్తం డిస్క్‌ని పది నిమిషాల లోపు చదివేయొచ్చు. ఇప్పుడు జేబులో పట్టే 5 టీబీ డిస్క్‌ని మొదటి నుంచి చివరిదాకా సగటున 95 ఎంబీ చొప్పున చదివితే 14 గంటలు దాటుతుంది. వేగం వేల రెట్లు పెరిగినా కెపాసిటీ దాన్ని ఎప్పుడో దాటిపోయింది. పళ్లెం మీద డేటా రాసే చుట్లని, అంటే ట్రాకులని, పక్కపక్కన ఇరికిస్తే కెపాసిటీ పెరుగుతుంది కానీ వేగం పెరగదు. ఒకే ట్రాకులో బిట్లని దగ్గరగా పేరిస్తేనే వేగం కూడా పెరుగుతుంది. అంటే డిస్క్ ఎంత పెద్దదైతే దాన్ని మొత్తంగా వాడుకోవడానికి అంత ఎక్కువసేపు పడుతుంది. ఒక జీబీ పరీక్షతో తేల్చేద్దామనుకోవడం అందుకే రోజురోజుకీ మరింత అర్థంలేని పని అవుతోంది.

మా బావమరిది 14కి మాత్రం పళ్లెం అంచులు కారణం కాదు. అంచులైతే 60 దగ్గర ఆగేది. దీనికి కారణం షింగిల్డ్ రికార్డింగ్, క్లుప్తంగా ఎస్ఎంఆర్. ఇది కొంచెం నిదానంగా చెప్పాల్సిన విషయం.

హార్డ్ డిస్క్‌లో రాసే హెడ్ వెడల్పు, చదివే హెడ్ సన్నం. రాసిన ట్రాకు అంత వెడల్పుగా ఉండాల్సిన అవసరం చదవడానికి లేదు. కాబట్టి ఒక ట్రాకు రాశాక దాని అంచు మీదకి వచ్చేలా పక్క ట్రాకుని రాస్తే అదే పళ్లెం మీద ఎక్కువ ట్రాకులు పడతాయి. పెంకుటింటి కప్పు మీద ఒక వరస మీద ఇంకో వరస పెంకులు ఎక్కినట్టు. చదవడానికి ఏ ఇబ్బందీ లేదు. కొత్తగా వరసగా రాయడానికీ లేదు. చిక్కంతా మధ్యలో ఒక ట్రాకుని మార్చాల్సి వచ్చినప్పుడు. దాన్ని రాస్తే పక్కదాని మీద పడుతుంది, కాబట్టి పక్కదాన్నీ చదివి దాచుకుని మళ్లీ రాయాలి, దాని పక్కదాన్నీ, అలా ఒకదాని మీద ఒకటి ఎక్కిన ఆ ట్రాకుల పట్టీ చివరిదాకా. మీరు మార్చింది ఒక చిన్న ఫోటో, డిస్క్ తిరగరాసింది పదుల ఎంబీ.

ఈ అవస్థ మనకు కనబడకుండా డిస్క్ ఒక ఏర్పాటు చేసుకుంటుంది. పళ్లెం మీదే కొంత చోటు పక్కన పెట్టి, వచ్చిన డేటాని ముందు గబగబా అక్కడ పడేస్తుంది. తర్వాత, ఎవరూ పని చెప్పనప్పుడు, తీరిగ్గా అసలు చోట్లకి సర్దుతుంది. కాపీ అయిపోయి అరగంటైనా డిస్క్ లైటు మిణుకుమిణుకుమంటూ లోపల గరగరమంటూ ఉంటే అది చేస్తున్నది ఈ సర్దుడే. ఆ పక్క చోటు నిండేదాకా వేగం దర్జాగా ఉంటుంది. నిండాక ఒక చేత్తో మన డేటా తీసుకుంటూ ఇంకో చేత్తో సర్దుకోవాలి. అప్పుడు 120 కాస్తా 30కి, 14కి, ఒక్కోసారి అంతకన్నా కిందకి పడిపోతుంది. పెళ్లివాళ్ల డిస్క్ సినిమాలు తీసి, పాటలు పెట్టి, మళ్లీ తీసి వాడినది. దాని మీద 675 జీబీ ఆగకుండా పోస్తే ఇలాగే అవుతుంది. క్రిస్టల్ డిస్క్ మార్క్ రాసే ఒక జీబీ ఆ పక్క చోటులో ఏ మూలకో సరిపోతుంది. అందుకే దానికి ఈ జబ్బు జన్మలో కనబడదు.

ఇప్పుడు బజారులో దొరికే, ఒక టీబీ దాటిన 2.5 అంగుళాల పోర్టబుల్ డిస్కులు ఎక్కువభాగం ఈ రకమే. ఏది అవునో ఏది కాదో పెట్టె మీద ఉండదు. ఈ దాపరికం మీద పెద్ద గొడవ జరిగింది 2020లో. నెట్‌వర్క్ స్టోరేజ్ కోసం వెస్టర్న్ డిజిటల్ అమ్మే రెడ్ డిస్కుల్లో కొన్ని మోడళ్లు చెప్పకుండా ఎస్ఎంఆర్‌కి మారాయని, వాటిని రెయిడ్‌లో, అంటే కొన్ని డిస్కులని కలిపి ఒకటిగా నడిపే ఏర్పాటులో, పెట్టినవాళ్లు కనిపెట్టారు. చివరికి కంపెనీ ఏ మోడల్ ఏ రకమో జాబితా ప్రకటించాల్సి వచ్చింది, పాత రకాన్ని రెడ్ ప్లస్ అనే పేరుతో విడదీసింది. మిగతా తయారీదారులూ జాబితాలు బయటపెట్టారు. ఇక్కడ నాకు ముఖ్యమనిపించేది ఒకటి. అది ఏ బెంచ్‌మార్క్ స్క్రీన్‌షాట్ వల్లా బయటపడలేదు. పాడైన డిస్క్ స్థానంలో కొత్తది పెట్టి, గంటల తరబడి ఆగకుండా డేటా తిరగరాయిస్తుంటే బయటపడింది.

కేబుల్ గురించి తక్కువలో చెప్పేస్తాను, ఎందుకంటే ఇది తేలిగ్గా సరిదిద్దుకునే విషయం. వేగం 35, 40 ఎంబీ దగ్గర గీత గీసినట్టు నిలిచిపోయి, పెద్ద ఫైలైనా ఖాళీ డిస్క్ అయినా కదలకపోతే, మీరు యూఎస్‌బీ 2.0 మీద నడుస్తున్నట్టు. దాని సంకేత వేగమే సెకనుకు 480 మెగాబిట్లు. పోర్టబుల్ డిస్కులకి వచ్చే వెడల్పాటి మైక్రో-బి సాకెట్‌లో సగం భాగం పాత ఫోన్ చార్జర్ పిన్ను పట్టేలా ఉంటుంది. అసలు కేబుల్ పోయినవాళ్లు ఆ పాత పిన్ను పెడితే డిస్క్ చక్కగా తెరుచుకుంటుంది, పాత వేగంతో. టైప్-సి కేబుళ్లతోనూ ఇదే తంటా. చార్జింగ్ కోసం వచ్చినవాటిలో చాలావాటికి లోపల వేగం తీగలే ఉండవు. వింతైన సంగతి ఇంకొకటి: యూఎస్‌బీ 3.0 నీలం పోర్టులో ప్లగ్గుని మరీ నెమ్మదిగా దూర్చినా కొన్నిసార్లు ముందు పాత పిన్నులే తగిలి, కంప్యూటర్ దాన్ని 2.0గా గుర్తిస్తుంది. తీసి ఒక్క తోపు తోస్తే సరిపోతుంది. లైనక్స్‌లో యూఎస్‌బీ పరికరాల చెట్టుని చూపించే కమాండ్ నడిపితే డిస్క్ ఎదురుగా 480 ఉందో 5000 ఉందో కనబడుతుంది. మన 675 జీబీ 35 చొప్పున వెళితే ఐదు గంటలు దాటుతుంది కాబట్టి, ఏ కొలతకైనా ముందు ఈ ఒక్క చూపు చూసుకోవడం మంచిది.

కంప్యూటర్ చెప్పే వేగాన్ని ఎందుకు నమ్మకూడదో కూడా చెప్పాలి. మీరు కాపీ పెట్టగానే ఆపరేటింగ్ సిస్టమ్ డేటాని ముందు ర్యామ్‌లోకి తీసుకుని, వీలు చూసుకుని డిస్క్‌కి పంపొచ్చు. లైనక్స్‌లో ఇది బాగా తెలుస్తుంది. రెండు జీబీ ఫైలు రెప్పపాటులో కాపీ అయిపోయిందంటుంది, డిస్క్ తీయబోతే మాత్రం ఆగమంటుంది. ఆ ఆగమన్నంతసేపూ జరిగేదే అసలు కాపీ. డేటా కాపీ చేసే డీడీ కమాండ్‌తో కొలిచేవాళ్లు, రాత డిస్క్‌కి చేరేదాకా ఆగమనే ఎఫ్‌డేటాసింక్ షరతు చివర్న పెట్టకపోతే వాళ్లు కొలిచింది ర్యామ్‌ని. విండోస్‌లో ఈ బాధ తగ్గింది. 2018లో వచ్చిన 1809 వెర్షన్ నుంచి బయట తగిలించే డిస్కులకి 'క్విక్ రిమూవల్' అనే పద్ధతి మామూలుగానే అమల్లో ఉంటోంది, అంటే రాతని ర్యామ్‌లో ఎక్కువసేపు దాచిపెట్టదు. అలాగని కాపీ విండోలో కనిపించే ఆకుపచ్చ గ్రాఫ్ శిఖరాన్ని చూసి సంబరపడొద్దు. చూడాల్సింది అది ఎక్కడికి దిగి నిలబడిందో. ఇంకో చిన్న తిరకాసు: విండోస్ ఎంబీ అన్నప్పుడు 1024 లెక్కన అంటుంది, క్రిస్టల్ డిస్క్ మార్క్ 1000 లెక్కన అంటుంది. మెగాబైట్ల దగ్గర ఈ తేడా ఐదు శాతం దాకా ఉంటుంది. ఒకదాంట్లో 120, ఇంకోదాంట్లో 114 వస్తే ఏదీ తగ్గలేదు.

చిన్న ఫైళ్ల సంగతి వేరే లోకం. వీడియోలు ఎక్కించేవాళ్లకి ఇది తగలదు. ఇంట్లో ఫోన్ల నుంచి పదేళ్ల వాట్సాప్ ఫోల్డర్లు కాపీ చేసేవాళ్లకి బాగా తగులుతుంది. హెడ్ ఒక చోటు నుంచి ఇంకో చోటికి జరగడానికి సుమారు 12 మిల్లీసెకన్లు, జరిగాక కావాల్సిన భాగం తిరిగి కిందకి రావడానికి సగటున అర చుట్టు, అంటే ఐదున్నర. మొత్తం 17 దాటుతుంది. ఒక్కోటిగా అడిగితే సెకనుకు 60 సార్లకి మించి డిస్క్ పలకలేదు. ఒక్కోసారి నాలుగు కేబీ తెచ్చినా సెకనుకు 240 కేబీ. అవును, కేబీలే. బెంచ్‌మార్క్ కింద వరసలో '4కే' ఎదురుగా 0.3, 0.5 లాంటి అంకెలు చూసి డిస్క్ పాడైందని కంగారుపడి దుకాణానికి పరిగెత్తేవాళ్లున్నారు. అది పాడవడం కాదు, తిరిగే ఇనుముకి అంతకన్నా చేతకాదు. 50,000 ఫైళ్లకి ఫైలుకి రెండుసార్లు చొప్పున హెడ్ కదిలిందనుకున్నా, ఆ కదలికలకే దాదాపు అరగంట పోతుంది, డేటా సంగతి తర్వాత. పైగా విండోస్‌లో యాంటీవైరస్ ప్రతి ఫైలునీ ముట్టి చూస్తుంది. అందుకే పాత ఫోటోల ఫోల్డర్లని కుదించకుండా ఒకే జిప్ ఫైలుగా కంప్యూటర్‌లోనే కట్టి, ఆ మూటని డిస్క్ మీదకి ఎక్కించడం నాకు నచ్చిన పద్ధతి. రోజూ తెరిచి చూసుకునేవాటికి ఇది కుదరదు, బ్యాకప్‌కి కుదురుతుంది.

ఇంతకీ నేను ఎలా కొలుస్తాను? ఖాళీ డిస్క్ మీద ఒకసారి, నిండిన డిస్క్ మీద ఒకసారి. కొన్న కొత్తలో విండోస్ అయితే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న జర్మన్ ప్రోగ్రామ్, లైనక్స్ అయితే ఎఫ్3. రెండూ చేసేది ఒకటే. డిస్క్ అంచులదాకా తెలిసిన డేటాతో నింపి, తిరిగి చదివి సరిచూస్తాయి. 2 టీబీకి ఒక రాత్రీ మర్నాడు పొద్దునా పడుతుంది, పట్టనివ్వండి. వాటి చివర్న వచ్చే సగటు వేగం, పెట్టె మీది అంకె కన్నా, స్క్రీన్‌షాట్ అంకె కన్నా నిజాయితీ అయినది, ఎందుకంటే అందులో బయటి అంచూ ఉంది, లోపలి అంచూ ఉంది. రెండో లాభం కూడా ఉంది. ఆన్‌లైన్‌లో రెండు వేలకే 16 టీబీ అంటూ వచ్చే సరుకు ఉంటుంది చూడండి, లోపల ఒక మెమరీ కార్డు అతికించి, 16 టీబీ అని అబద్ధం చెప్పేలా ప్రోగ్రామ్ మార్చినవి. వాటి గుట్టు ఈ పరీక్షలోనే రట్టవుతుంది. ఒక జీబీ బెంచ్‌మార్క్ వాటినీ పాస్ చేస్తుంది.

అయితే ఈ పరీక్ష కూడా కొత్త డిస్క్ మీద వరసగా రాసేదే కాబట్టి, ఎస్ఎంఆర్ బండారం ఇక్కడ పూర్తిగా బయటపడదు. అందుకని రెండోది. డిస్క్ 70, 80 శాతం నిండాక, కొన్ని ఫైళ్లు తీసేసి, నా సొంత పని డేటానే 150, 200 జీబీ ఎక్కిస్తాను. గడియారం చూస్తాను. కాపీ మొదలైన క్షణం నుంచి డిస్క్‌ని సేఫ్‌గా తీసేయొచ్చు అని కంప్యూటర్ చెప్పేదాకా. జీబీలని సెకన్లతో భాగిస్తే వచ్చేదే ఆ డిస్క్ నాకు ఇచ్చే వేగం. ర్యామ్ ఎంత దాచినా, గ్రాఫ్ ఎంత ఎగిరినా ఈ లెక్కని ఎవరూ మోసం చేయలేరు. మ్యాక్ వాడే ఎడిటర్లు బ్లాక్‌మ్యాజిక్ డిస్క్ స్పీడ్ టెస్ట్ నడుపుతారు. ఏ వీడియో ఫార్మాట్ ఈ డిస్క్ మీద ఆగకుండా నడుస్తుందో టిక్కులతో చూపించడం అందులో నిజంగా మంచి ఆలోచన. కానీ దాని పరీక్ష ఫైలు కూడా 5 జీబీ దాటదు. టిక్కులన్నీ పచ్చగా ఉన్న డిస్క్ మీదే రెండు గంటల తర్వాత ఎడిటింగ్ ఆగి ఆగి నడవొచ్చు.

ఇదంతా ఎందుకు, తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో డేటా దాచే ఎస్ఎస్‌డీ కొంటే పోలా అని అడిగేవాళ్లకి: ఎడిటింగ్‌కైతే కొనండి, అందులో రెండో మాట లేదు. కానీ టీబీకి ఇంత అని లెక్కేస్తే, ఇంటి ఫోటోలూ పెళ్లి ఫుటేజీ ఏళ్ల తరబడి దాచడానికి హార్డ్ డిస్కే ఇంకా చవక. ఎస్ఎస్‌డీ కూడా ఈ ఆట ఆడకుండా ఉండదు. పెట్టె మీద 1,050 అని ఉంటుంది. లోపల కొంత భాగాన్ని వేగంగా రాసే పద్ధతిలో వాడి, అది నిండాక కిందకి దిగుతుంది. చవకరకం అయితే హార్డ్ డిస్క్ స్థాయికే దిగుతుంది. దాన్నీ పెద్ద డేటాతో, నిండిన స్థితిలోనే కొలవాలి.

ఓపికగా చదివినవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. కొలిచి ఏం చేసుకుంటాం? కొన్న డిస్క్‌ని మార్చలేం, దాని వేగాన్ని పెంచలేం. నిజమే. నా మటుకు ఆ అంకెల అసలు ఉపయోగం వేగానికి సంబంధించింది కాదు, ఆరోగ్యానికి సంబంధించింది. హార్డ్ డిస్క్ ప్రతిసారీ చెప్పాపెట్టకుండా పోదు, కొన్నిసార్లు ముందు నెమ్మదిస్తుంది. పళ్లెం మీద ఒక చోటు బలహీనపడితే డిస్క్ అక్కడ మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తుంది, ప్రతి ప్రయత్నానికీ మరో చుట్టు. ఒక్క సెక్టర్ దగ్గరే, అంటే ట్రాకులో ఒక చిన్న ముక్క దగ్గరే, సెకన్ల తరబడి ఇరుక్కుపోవచ్చు. అది డిస్క్ రకం వల్ల వచ్చిన నెమ్మదా, జబ్బు వల్ల వచ్చిందా అని తేల్చాలంటే, బాగున్న రోజుల్లో ఎలా ఉండేదో తెలిసి ఉండాలి. తెలియకపోతే 14 చూసి మంచి డిస్క్‌ని పారేస్తాం, లేదా చావబోయే డిస్క్‌ని ఎస్ఎంఆర్ అంతేలే అని వదిలేస్తాం. రెండోది ఖరీదైన పొరపాటు.

రెంటినీ విడదీయడం కష్టమేమీ కాదు. ఎస్ఎంఆర్ నెమ్మది ముఖ్యంగా రాసేటప్పుడు వస్తుంది. డిస్క్‌ని కరెంటు తీయకుండా ఒక గంట వదిలేస్తే సర్దుకుని మళ్లీ లేస్తుంది. జబ్బు నెమ్మది చదివేటప్పుడు కూడా వస్తుంది, ఎన్నిసార్లు చదివించినా అదే చోట వస్తుంది. విండోస్‌లో హెచ్‌డీ ట్యూన్, లైనక్స్‌లో గ్నోమ్ డిస్క్స్ మొత్తం డిస్క్ పొడవునా చదివి గీత గీస్తాయి. మంచి డిస్క్ గీత ఎడమ నుంచి కుడికి మెల్లగా వాలుతుంది. మధ్యలో ఎక్కడైనా నేలకి తగిలే గుంట ఉండి, మళ్లీ నడిపినా అక్కడే ఉంటే అనుమానించాలి. అప్పుడు డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకున్న లెక్కలు చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో మూడు వరసలు చూడాలి. రీఅలొకేటెడ్ సెక్టర్లు (పాడై వేరే చోటికి మార్చినవి) పెరుగుతున్నా, పెండింగ్ సెక్టర్లు (సరిగా చదవలేక అనుమానంలో ఉంచినవి) సున్నా కాకపోయినా డిస్క్ జబ్బుపడ్డట్టే. సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా దారిలో చెడిన లెక్క) మాత్రమే పెరుగుతుంటే డిస్క్ కన్నా ముందు డబ్బాలోని కనెక్షన్ని అనుమానించొచ్చు. మా బావమరిది ఇప్పుడు స్టూడియోలోని ప్రతి డిస్క్ మీదా చిన్న స్టిక్కర్ అంటించి, కొన్న నెల, నింపినప్పటి సగటు, నిండాక వచ్చిన వేగం పెన్నుతో రాసి పెడుతున్నాడు. పెళ్లివాళ్లు తెచ్చే డిస్కులకైతే కాపీ మొదలుపెట్టే ముందే ఎంత నిండిందో చూసి, రెండు రోజుల గడువు అడుగుతున్నాడు.

స్టిక్కర్ మీది అంకెకీ ఇవాళ్టి అంకెకీ మధ్య సగానికి సగం తేడా వచ్చి, అది చదివేటప్పుడు కూడా వస్తుంటే, మళ్లీ ఇంకో బెంచ్‌మార్క్ నడిపి నిర్ధారించుకుందామని కూర్చోకండి. బలహీనపడ్డ డిస్క్‌ని ఆ పరీక్ష ఇంకాస్త అరగదీస్తుంది. ముందు వేరే డిస్క్ తెచ్చి, పోతే మళ్లీ దొరకనివాటిని మొదట కాపీ చేయండి. పెళ్లి వీడియో, పిల్లల ఫోటోలు, దస్తావేజుల స్కాన్లు. సినిమాలు చివర్న. మామూలు కాపీ మధ్యలో ఆగిపోతుంటే లైనక్స్‌లో డీడీ రెస్క్యూ ఉంది. అది చదవగలిగిన భాగాలన్నీ ముందు లాగేసి, మొండికేసిన చోట్లకి తర్వాత తిరిగి వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక ఫైలులో రాసుకుంటుంది కాబట్టి, డిస్క్ వేడెక్కితే ఆపి, చల్లారాక అక్కడి నుంచే కొనసాగించొచ్చు.